పెనం మాట

ఆ ఏడు వానలు ఆషాఢంలో పట్టుకుని ఆశ్వయుజం దాకా వదల్లేదు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా లైను క్వార్టర్ల పెరటి గోడలన్నీ పాచి పట్టాయి. బొగ్గు తడిసి సిగిడీ పొయ్యి ఓ పట్టాన అంటుకునేది కాదు. గొళ్ళేలకీ, బకెట్ చెవులకీ, సైకిలు గొలుసుకీ తుప్పు. అలాంటి వానల్లో మా అత్త అప్పయమ్మ ఖరగ్‌పూర్ ప్రయాణం కట్టింది. అక్కడ మా ఆడపడుచు చిన్నమ్మికి రెండో కాన్పు. వెళ్తూ వెళ్తూ ఇల్లు నాకు అప్పజెప్పింది. ఇల్లంటే ఆవిడ లెక్కలో ముందు అట్ల పెనం, తర్వాతే మిగతా సామాను.

ఆ పెనం మా మామ నూకరాజు చేయించింది. ఆయన రైలింజన్ల షెడ్డులో అచ్చులు పోసే పని చేసేవాడట. ఊరి పక్క తిఫ్రాలో ఎవరిదో చిన్న కార్ఖానాలో దగ్గరుండి పోత పోయించి, సైకిలు వెనక కట్టుకుని ఇంటికి తెచ్చాడట. నేను కాపరానికి వచ్చేసరికే అది నూనె తాగి తాగి నల్లగా నిగనిగలాడుతుండేది. దాని మీద పిండి వేస్తే అట్టు దానంతటదే లేచి వచ్చేది. నన్ను ఈ ఇంటికి ఏరి తెచ్చింది కూడా ఆ మామే. నేను వచ్చిన మరుసటేడు పోయాడు.

"నీలు తగలనీకు కనకం. అట్లు పోసీసినాక వేడి మీదే నూనెగుడ్డతో తుడిసీ. నీలు తగిల్తే సిలుం పట్టెస్తాది. ఈ ఏడు నీ ఉద్యాపన, మరిసిపోకు" అని రిక్షా ఎక్కాక కూడా చెప్పింది.

ఉద్యాపన అంటే నా అట్లతద్ది నోము తీర్చుకోవడం. ముత్తయిదువులను పిలిచి, ఒక్కొక్కరికీ దొంతి అట్లు వాయనం ఇవ్వాలి. అన్ని అట్లు ఒక్క పూటలో పోయాలంటే ఆ పెనం తప్ప దిక్కు లేదు. పిల్లలు కలగని వాళ్ళకి ఈ నోము తీరితే మంచి జరుగుతుందని అత్త నమ్మకం. నాకు పెళ్ళయి ఏళ్ళు గడిచినా కడుపు పండలేదు. దాని గురించి అత్త నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. ఆవిడ మాట్లాడకపోవడం కూడా నాకు గుచ్చుకునేది. అప్పట్లో ఎవరేం చేసినా నాకు గుచ్చుకునేది.

ఓ మధ్యాహ్నం నేను అట్లు పోస్తుంటే మా ఆయన వేణుగోపాల్ షెడ్డు నుంచి తడుస్తూ వచ్చాడు. ఆఫీసుకు ఖరగ్‌పూర్ నుంచి ఫోనొచ్చిందట. చిన్నమ్మికి మళ్ళీ కొడుకే పుట్టాడని చెప్పాడు. ముఖం వెలిగిపోతోంది. నేనూ సంతోషమే అన్నాను, అతని కంచంలో అట్టు వేశాను. అతను తిని మళ్ళీ డ్యూటీకి వెళ్ళాక పెనం పెరట్లోకి తీసుకెళ్ళాను. చల్లారేదాకా ఆగి, బూడిదా ఇటుక ముక్కా పెట్టి గరగరా తోమాను. దాని నలుపు కాస్తా నా చేతికొచ్చేదాకా తోమాను. తర్వాత సరిగ్గా చూరునీళ్ళు పడేచోట పెట్టి లోపలికి వచ్చి పడుకున్నాను.

తర్వాత ఎవరడిగినా మరిచిపోయానన్నాను. మరిచిపోవడం ఎక్కడిది? రోజూ వంటింటి కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. ముందు అంచులు ఎర్రబారాయి. తర్వాత నడుమ పొక్కులు లేచాయి. అత్త వచ్చే నాటికి అది పాడుబడ్డ సైడింగు పట్టాల పక్కన పడున్న పాత ఇనుములా తయారైంది. అయినా లోపలికి తెచ్చి పెట్టలేదు.

అత్త వచ్చింది. పెరట్లోకి వెళ్ళి కాళ్ళు కడుక్కుంటూ పెనం చూసింది. నేను తలుపు దగ్గర నిలబడి తిట్లకు సిద్ధంగా ఉన్నాను. ఆవిడ చేత్తో రాసి, వేళ్ళకంటిన ఎర్రటి పొడి చూసుకుని, "వానలు గదా" అంది. అంతే. తర్వాత మూట విప్పి ఓ పసుపుపచ్చ చీర నా చేతిలో పెట్టింది. బారసాలకు చిన్నమ్మి అత్తవారు ఆవిడకు పెట్టిన చీర అది. నా ఉద్యాపనకి బాగుంటుందని మడత కూడా విప్పకుండా తెచ్చింది. ఆ చీర పట్టుకుని నేను ఏడ్చాను. చీర చూసి ఏడ్చాననుకుని నా వీపు నిమిరింది.

ఇక తల్లీ కొడుకులకు అదే పని అయింది. పుల్ల మజ్జిగ పోసి నానబెట్టేవారు. ఇటుక పొడి చల్లి కొబ్బరి పీచుతో తోమేవారు. వేణు షెడ్డు నుంచి గరుకు కాగితం తెచ్చాడు. గీతలు పడితే అట్టు పట్టేస్తుందని అత్త దాన్ని వాడనిచ్చింది కాదు. తోమాక కడిగి, సిగిడీ మీద పెట్టి తడి చుక్క లేకుండా కాచి, పలచగా నూనె రాసి, పొగలొచ్చేదాకా వేడి చేసి, తుడిచి మళ్ళీ రాసేవారు. సాయంత్రానికి నలుపు తిరిగినట్టే ఉండేది. తెల్లారేసరికి ఆ చెమ్మకి మళ్ళీ ఎర్రటి పూత. నేను తోముతానంటే అత్త ఒప్పుకునేది కాదు. నోము పిల్లవి, చేతులు పాడుచేసుకోకు అనేది.

వాళ్ళలా కూర్చుని తోముతుంటే నా ఒళ్ళంతా ఆ పీచుతో రాసినట్టుండేది. చెప్పేద్దామని రోజూ అనుకునేదాన్ని. చెప్తే ఎందుకు చేశావంటారు, చిన్నమ్మికి కొడుకు పుట్టాడని చేశానని ఏ నోటితో చెప్పను?

దసరా ముందర ఓ సాయంత్రం నేను గోడ అవతల నీళ్ళగదిలో బట్టలు ఉతుకుతున్నాను. పెరట్లో వాళ్ళిద్దరూ ఉన్నారు. నేను లోపలున్నట్టు వాళ్ళకు తెలియదు. ముందు ఏం మాట్లాడుకున్నారో కుళాయి చప్పుడులో వినబడలేదు. కుళాయి కట్టేశాక వేణు గొంతు వినిపించింది.

"నా వల్ల కాదమ్మా. ఎన్నాళ్ళని సూత్తాం? వొదిలించుకుని కొత్తది తెచ్చీసుకుంటే పోద్ది గదా."

"బీడురా. బీడని తెలిసే మీ నాన్న ఇంటికి తెచ్చినాడు. ఇన్నేళ్ళూ ఉన్నదాన్ని ఇప్పుడు పొమ్మంటామేటి" అంది అత్త. మళ్ళీ తనే, "అట్లతద్ది దాకా సూద్దాం. అప్పటికీ దారికి రాపోతే నీ ఇష్టం" అంది.

"అచ్ఛా" అన్నాడు వేణు.

నా చేతిలో తడిబట్ట అలాగే ఉండిపోయింది. బొబ్బిలి దగ్గర మా ఊళ్ళో మా నాన్న పొలం పక్కనే ఏ గింజా మొలవని నేల ఒకటుండేది. దున్నినా విత్తినా దండగని వదిలేశారు. పశువులు కూడా అటు వెళ్ళేవి కావు. నాకు తెలిసిన బీడు అదొక్కటే. పైగా నన్ను ఏరి తెచ్చింది మామే కదా. అట్లతద్ది దాకా గడువు పెట్టారు, ఆ తర్వాత కొత్తది. అన్నీ ఒకదానికొకటి అతికినట్టు సరిపోయాయి. ఇదీ ఒకందుకు మంచిదే అనిపించింది. పెనం సంగతిలో నా తప్పు వాళ్ళ తప్పు ముందు చిన్నదైపోయింది. అది తలుచుకుంటేనే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది. ఏడుస్తూనే నేను తేలికపడ్డాను.

పండక్కి పుట్టింటికి వెళ్తానన్నాను. వేణు రైలు పాసు తీసిచ్చాడు. బండి కదిలేదాకా కిటికీ దగ్గర నిలబడి, అట్లతద్ది లోపు వచ్చేయమన్నాడు. ఎందుకు, లెక్క తేల్చడానికా అని మనసులో అనుకున్నాను. పైకి తల మాత్రం ఊపాను.

మా అన్న అప్పలస్వామి మంచివాడే గాని కోపమొస్తే ఆగడు. విన్నది విన్నట్టే చెప్పానని అప్పట్లో అనుకున్నాను. పెరట్లో వాళ్ళ చేతుల్లో పెనం ఉందన్న సంగతి మాత్రం చెప్పలేదు. అది చెప్పాల్సిన విషయమని తోచలేదు. దసరా వెళ్ళగానే నన్ను వెంటబెట్టుకుని బిలాస్‌పూర్ బండెక్కాడు.

మేం దిగేసరికి చాన్నాళ్ళకి ఎండ కాసింది. లైను ఆడవాళ్ళంతా పెరళ్ళలో బట్టలూ పరుపులూ ఆరేస్తున్నారు. మా అన్న వీధి గుమ్మంలోంచి రాలేదు, పదిమందికీ వినబడాలని పెరటి దారినే వచ్చాడు. అత్త పీట మీద కూర్చుని, పెనం ఒళ్ళో పెట్టుకుని నూనెగుడ్డతో రుద్దుతోంది. వేణు నైట్ డ్యూటీ చేసొచ్చి పక్కన గట్టు మీద కూర్చున్నాడు. మమ్మల్ని చూసి అత్త ముఖం విప్పారింది. రా బాబూ, కాళ్ళు కడుక్కో అంది.

అన్న కదల్లేదు. "అత్తా, ఒక్క మాట సెప్పు. మా సెల్లిని బీడన్నావా, అన్లేదా?"

పక్క పెరట్లో పైడమ్మ బట్ట పిండడం ఆపేసింది. అవతల గోడ మీద ఇంకో రెండు తలలు లేచాయి. అత్త ముందు మా అన్నను చూసింది. అతనన్నది అర్థం కానట్టు నుదురు ముడిచింది. తర్వాత ఒళ్ళో ఉన్న పెనం చూసుకుంది. అప్పుడు నన్ను చూసింది, చాలాసేపు చూసింది. అబద్ధం వెతుక్కుంటోంది అనుకుని నేను ముఖం తిప్పుకున్నాను.

వేణు లేచాడు. "అయ్యో బావా, అది నీ సెల్లిని కాదు, ఆ రోజు మేం..."

"నువ్వూరుకో" అంది అత్త. పెనం బోర్లించి పీట పక్కన పెట్టింది. చేతులు చీరకు తుడుచుకుంది. "అన్నాను బాబూ. నోరు జారీసినాను. తప్పే."

తర్వాత మా అన్న ఎన్ని మాటలన్నాడో చెప్పను. ఆడకూతురున్న తల్లివి కాదా అన్నాడు. నీ కూతుర్ని ఇంకొకరు అంటే ఎలాగుంటాదో సూడు అన్నాడు. అత్త తల వంచుకుని అన్నీ పడింది. వేణు ముఖం ఎర్రబడి, రెండుసార్లు నోరు తెరిచి, తల్లి చూపు చూసి మూసుకున్నాడు. అన్న ఆ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టుకోకుండా సాయంత్రం బండికి వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచి లైనులో నా పరపతి పెరిగింది. పైడమ్మ ఏ కూర వండినా నాకో గిన్నె పంపేది. కుళాయి దగ్గర నన్ను ముందు పట్టుకోమనేవారు. అత్త బిందెతో వస్తే ఎవరూ పలకరించేవారు కాదు. వార్త రైళ్ళ వెంటే ఖరగ్‌పూర్ చేరింది. ఎంత మాటన్నావమ్మా, నా తల ఎక్కడ పెట్టుకోను అని చిన్నమ్మి ఎవరి చేతనో కబురంపింది. ఆ కబురు విని అత్త సిగిడీ ఊదుకుంటూ కూర్చుంది. పొగకి కళ్ళు తుడుచుకుంటోందనుకున్నాను. నిజం చెప్పాలంటే, పొగకి కాదని తెలుసు. అనుభవించనీ అనుకున్నాను.

అట్లతద్ది వచ్చింది. మధ్యాహ్నం నుంచి పెరట్లో సిగిడీ పెట్టుకుని అట్లు మొదలుపెట్టాను. పెనం మళ్ళీ నల్లబడింది. మునుపటంత నిగనిగ లేదు గాని తుప్పు చుక్క లేదు. నేను పుట్టింట్లో ఉన్నన్నాళ్ళూ అత్త రోజూ కూర్చుని దాన్ని దారికి తెచ్చింది. మొదటి అట్టు పట్టుకుంది, రెండోది చిరిగింది. ఉల్లిపాయ చెక్కతో నూనె రాసి మూడోది పోస్తే అంచులు వాటంతటవే లేచాయి. దొంతి పెరుగుతోంది. నేను అత్త తెచ్చిన పసుపుపచ్చ చీరే కట్టుకున్నాను. మరో మంచి చీర లేక కట్టుకున్నాను గాని, ప్రేమతో కాదు.

పైడమ్మ సాయం చేస్తానని వచ్చి నా పక్కన కూర్చుంది. అత్త కాస్త దూరంగా బెల్లం తరుగుతోంది. పైడమ్మ ఆవిడ వైపు వీపు పెట్టింది. అట్టు తిరగేస్తుంటే చూసి మెచ్చుకుంది.

"ఎంతైనా బీడు పెనం బీడు పెనమే. మాదీ ఉన్నాది రేకుది, ఎందుకూ? ఇలాగ లెగవ్వు."

"ఏం పెనం?" అన్నాను.

"బీడుది. పోత ఇనుం. మన షెడ్డులో బ్రేకు దిమ్మలుంటాయి గదా, అదే బీడు" అని అట్ల దొంతి సర్దుతూ చెప్పింది. ఆ మాట ఇంకెక్కడ విందో ఆవిడకి గుర్తుకు రానే లేదు.

అట్లకాడ నా చేతిలో ఆగిపోయింది. పెరట్లో ఆ సాయంత్రం మాటలన్నీ ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. బీడురా. మీ నాన్న ఇంటికి తెచ్చినాడు. ఇన్నేళ్ళూ ఉన్నదాన్ని పొమ్మంటామేటి. తల తిప్పి చూశాను. అత్త బెల్లం తరగడం ఆపి నన్నే చూస్తోంది. పైడమ్మ మాట ఆవిడా వింది.

"తిప్పు కనకం. మాడిపోతాది" అంది.

తిప్పాను. అప్పటికే మాడింది.

పైడమ్మ పూలు తేవడానికి ఇంటికి వెళ్ళాక, బెల్లం పళ్ళెంతో లోపలికి వెళ్ళిన అత్త వెనకే వంటింట్లోకి వెళ్ళి ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడ్డాను. ఆవిడ చెయ్యి చాపి తలుపు దగ్గరగా వేసింది. నేను ఆవిడ కాళ్ళు పట్టుకున్నాను.

"ఆ రోజే ఎందుకు సెప్పలేదత్తా? పెనం మాటని ఒక్క మాటంటే సరిపోయేది గదా."

"సెప్తే? మీ అన్న అంత దూరం నుంచొచ్చి, అంతమంది ముందు అంతలేసి మాటలనీసినాడు. పెనాన్నన్నామని తెలిస్తే ఆడు తలెత్తుకోగల్డా? లైను లైనంతా నిన్ను సూసి నవ్వుద్ది. పిల్లల్లేని బెంగతో పెనాన్ని సూసి కూడా ఉడుక్కున్నాదని కథలు సెప్పుకుంటారు. నీకు ఈ లైన్లో ఇంకా శానా బతుకున్నాది. నాను ముసిల్దాన్ని, నాలుగు తిడితే ఏటైపోతాను?"

"నీ కూతురు కూడా..."

"అదీ తిట్టినాది. తిట్టనీ" అంది. నా చేతులు విడిపించుకుని, అట్ల మీద పెట్టడానికి బెల్లం ముక్కలు ఎంచుతూ, నా ముఖం చూడకుండా ఇంకో మాటంది. "పెనం కూడా నువ్వు మరిసిపోలేదు. నాకు తెల్సు. వాన నీలు ఒక్కటే అయితే సిలుం అడుగున ఇటుక గీతలుండవు, వచ్చిన రోజే సూసినాను. పోనీ. ఇనుం గదా, మళ్ళీ నల్లబడ్డాది."

నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. అంతా తెలిసే ఆ చీర కట్టుకోమని ఇచ్చిందన్నమాట. పెనం నేనే పాడుచేశానని ఎవరికీ చెప్పలేకపోయినా, అత్త బీడన్నది పెనాన్నేనని మాత్రం ఆ పూటే, లైను ఆడవాళ్ళ ముందే చెప్పేయాలని నిశ్చయించుకున్నాను. నవ్వితే నవ్వుతారు.

చంద్రుడు కనబడ్డాడు. పూజయింది. ముత్తయిదువులు వరసగా కూర్చున్నారు. అత్త విధవరాలు కనక లోపలి గదిలో, తలుపు చాటున ఉంది. ఇస్తినమ్మ వాయనం అని అట్ల దొంతి పైడమ్మ కొంగులో పెట్టాను. పుచ్చుకుంటినమ్మ వాయనం అంది పైడమ్మ. ఇప్పుడు చెప్పాలి. నోరు తెరిచాను. ఈలోగా పైడమ్మే అట్టు అంచు తుంచి నోట్లో వేసుకుని, లోపలి గది వైపు కళ్ళు తిప్పి, "మీ అత్త నోరు పాడుది గాని, పెనం మంచిదే" అంది.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ నవ్వు ఎలా వచ్చిందో నాకు తెలియదు. నోట్లో ఉన్న మాట దాని వెనక్కి జారిపోయింది. రెండో ముత్తయిదువు కొంగు పట్టింది. నేను ఇస్తినమ్మ వాయనం అన్నాను. లోపలి గదిలో గాజుల్లేని చెయ్యి ఒకటి తలుపు మెల్లగా మూసింది.

తర్వాత చెప్పడానికి ఎన్ని రోజులు లేవు! రేపు చెప్దాం అనుకున్నాను, పండగ వెళ్ళాక అనుకున్నాను. నువ్వైనా ఎందుకు చెప్పవని వేణుని అడిగితే, అమ్మ ఒట్టు పెట్టింది, నీకైతే లేదుగా అన్నాడు. ఆ తర్వాత నేను అడగలేదు, అతనూ ఆ ఊసు ఎత్తలేదు. షెడ్డులో ఆవిరి ఇంజన్లు మాయమయ్యాయి. లైన్లో సగం మంది బదిలీ అయ్యారు. ఆ మాట మాత్రం లైన్లోనే ఉండిపోయింది. కొత్త కోడళ్ళు వస్తే పైడమ్మ వాళ్ళకి మొదట చూపించేది మా అత్తనే. కోడల్ని బీడన్న మనిషి అని చెప్పేది. అత్త కుళాయి దగ్గర తన వంతు వచ్చేదాకా ఓ పక్కన నిలబడేది.

అత్త మళ్ళీ ఓ వానాకాలంలోనే పోయింది. చిన్నమ్మి ఖరగ్‌పూర్ నుంచి వచ్చింది. తల్లికి మాట పూర్తిగా పడిపోయాకే చేరింది. దినాలయ్యాక ఓ మధ్యాహ్నం, అందరం పెరటి వసారాలో కూర్చుని ఉంటే, నా పక్కకు జరిగి నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. కళ్ళ నిండా నీళ్ళు.

"మా అమ్మ నిన్నంత మాటన్నాది వదినా. ఆ ఇదితో నాను కూడా దానితో సరిగ్గా మాటాడ్లేదు, ఇన్నేళ్ళూ. పోయిన మనిషి. నువ్వు మనసులో పెట్టుకోకు."

వేణు గబుక్కున లేచి బయటికి వెళ్ళిపోయాడు. చూరునీళ్ళు పడుతున్న చోట నిలబడ్డాడు. పైడమ్మా, మిగతా ఆడవాళ్ళూ నేనేమంటానా అని చూస్తున్నారు. చిన్నమ్మి చేతులు వేడిగా ఉన్నాయి. వంటింట్లో గోడకి తగిలించిన పెనం ఆ తలుపులోంచి నాకు కనబడుతూనే ఉంది.

"పోనీలే చిన్నమ్మీ, పాత సంగతి" అన్నాను.

చిన్నమ్మి నా చేతుల మీద తల ఆనించి ఏడ్చింది. నీది ఎంత మంచి మనసు కనకం అంది పైడమ్మ.